ఖాళీ గంట ఎవరి ఖాతాలో?

ఉద్యోగం మనిషిని సరుకు చేసేసిందన్న మాట బెంగళూరులో పనిచేసే తెలుగువాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. మారతహళ్లి పీజీలో ఉండే టెస్టింగ్ ఇంజనీరు అంటాడు, కోరమంగళలో ఫుడ్ డెలివరీ చేసే హిందూపురం కుర్రాడు అంటాడు, సర్జాపూర్ రోడ్డు అపార్టుమెంట్లలో సెంట్రింగ్ పనిచేసే కోసిగి కూలీ తన యాసలో అంటాడు. దాన్ని ఆవేదనగా విని సానుభూతి చూపి ఊరుకోవడం తేలిక. కానీ ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. లెక్క అర్థమైతే జీతంలో ఎంత ఎక్కడ జారిపోతోందో, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదో కూడా అర్థమవుతుంది.

ఏదైనా సరుకు కావాలంటే మూడు లక్షణాలుండాలి. కొలతకు లొంగాలి. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకునేలా ఉండాలి. అక్కర్లేని రోజున దాని ఖర్చు కొన్నవాడి మీద పడకూడదు. మొదటి రెండూ కూలి ఉన్నంత కాలంగా ఉన్నవే. చిక్కంతా మూడోదానితోనే. పని లేని పూట కూడా మనిషికి ఆకలేస్తుంది, అద్దె నడుస్తుంది, పిల్లల స్కూలు ఫీజు గడువు వచ్చిపడుతుంది. ఆ ఖాళీ గంట ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారని అడిగితే, ఫలానా ఉద్యోగంలో మనిషిని మనిషిగా ఉంచారో సరుకు చేశారో దాదాపు తేలిపోతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1944లో ఫిలడెల్ఫియా ప్రకటనలో ‘శ్రమ సరుకు కాదు’ అని రాసుకుంది. ఆ సంస్థలో భారతదేశం 1919 నుంచీ సభ్యురాలే. మన పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో చేర్చిన లే ఆఫ్ (పని ఆగినప్పుడు కార్మికుణ్ని తాత్కాలికంగా ఖాళీగా కూర్చోబెట్టడం) నిబంధనలో ఈ ఆలోచన ఆచరణలోకి వచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో ముడిసరుకు లేకనో యంత్రం చెడిపోయో పని ఆగిపోతే, మస్టరులో పేరుండి ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి బేసిక్, డీఏల్లో సగం ఇవ్వాలి. అంటే పని ఆగిన రోజు ఖర్చులో సగం యజమానిదని చట్టమే తేల్చింది. బెంగళూరులో ఈనాటి ఉద్యోగాలు చాలావరకు ఆ సగాన్ని కూడా పనిచేసేవాళ్ల మీదికే నెట్టేలా అల్లుకున్నవి.

బిల్లు పడితేనే మనిషి

ఐటీ సర్వీసెస్ కంపెనీ అమ్మేది ఎక్కువగా ఇంజనీర్ల గంటలనే. టైమ్ అండ్ మెటీరియల్ కాంట్రాక్టులో క్లయింట్ గంటకు ఇంతని కడతాడు. నెలకు మామూలుగా 160 గంటలు బిల్లు చేస్తారు. గంటకు 25 డాలర్లనుకుంటే నెలకు 4,000 డాలర్లు. డాలరుకు 85 రూపాయలనుకుంటే రూ.3,40,000. ఆ గంటలు పనిచేసిన మూడేళ్ల అనుభవమున్న ఇంజనీరుకు ఏడాదికి 8 లక్షలిస్తే నెలకు రూ.67,000 దాటదు. మిగిలిందంతా లాభమే అనుకుంటే పొరపాటు. ఆఫీసు అద్దె, మేనేజర్లు, అమెరికాలో సేల్స్ మనుషులు, శిక్షణ, అన్నీ అందులోనే. ముఖ్యంగా బెంచ్ ఖర్చు, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాళ్ల జీతం, అందులోనే ఉంటుంది. 100 మందిలో 85 మందికే బిల్లు పడుతుందనుకుంటే, మిగతా 15 మంది జీతం ఆ 85 మంది బిల్లుల్లోంచి రావాలని ముందే లెక్కేసి గంట ధర పెడతారు.

ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి. బెంచ్ ఖర్చు క్లయింట్ దగ్గర ముందే వసూలవుతోంది. అలాంటప్పుడు బెంచ్ మీద ఉన్నవాడిని కంపెనీ మీద భారంగా చూపించి గడువు పెట్టడమంటే, ఒకే ఖర్చును రెండోసారి ఉద్యోగి దగ్గర వసూలు చేయడమే. 2025 జూన్‌లో టీసీఎస్ తెచ్చిన విధానం ప్రకారం ఉద్యోగికి ఏడాదిలో కనీసం 225 పనిదినాలు బిల్లు పడాలి, బెంచ్ మీద 35 పనిదినాలకు మించకూడదు. ఏటా మొత్తం పనిదినాలు 250 నుంచి 260 లోపే. సెలవులు కూడా తీసేస్తే ఎంత ఇరుకో తెలుస్తుంది. ఆ మరుసటి నెలలోనే అదే సంస్థ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే సుమారు 12,000 మందిని, ముఖ్యంగా మధ్య, పై స్థాయుల్లో తగ్గిస్తున్నట్టు ప్రకటించింది.

మధ్య స్థాయినే ఎందుకు కోస్తారన్నదానికీ జవాబు గంట ధరలోనే ఉంది. క్లయింట్‌తో కుదిరిన రేటు ఏళ్ల తరబడి కదలదు. కొన్ని ఒప్పందాల్లో ‘ప్రొడక్టివిటీ’ పేరుతో ఏటా కొంత తగ్గిస్తామని కంపెనీయే హామీ ఇస్తుంది. పైన ధర పెరగనప్పుడు లాభం నిలబెట్టుకోవాలంటే కింద సగటు జీతం దిగాలి. అందుకే అడుగున ఫ్రెషర్లు ఎక్కువగా, పైన అనుభవజ్ఞులు తక్కువగా ఉండే పిరమిడ్ కడతారు. ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్లకు పైగా మూడు, నాలుగు లక్షల మధ్యనే ఆగిపోవడం, 12 ఏళ్ల అనుభవమున్నవాడు ఉన్నట్టుండి ‘కాస్ట్లీ’ కావడం ఒకే కారణం వల్ల జరిగేవి. అతని పని చెడిపోలేదు. అతని జీతం ఆ పిరమిడ్ సగటును పైకి లాగుతోంది, అంతే.

బెంచ్ మీదికి రావడం ఇలా జరుగుతుంది. క్లయింట్ ర్యాంప్ డౌన్, అంటే మనుషుల్ని తగ్గించమని, మెయిల్ పెడతాడు. డెలివరీ మేనేజర్ కొందరికి రోల్ ఆఫ్ (ప్రాజెక్టు నుంచి తప్పించే) తేదీ వేస్తాడు. ఆ తేదీ నుంచి మనిషి ఆర్ఎంజీ, అంటే ఎవర్ని ఏ ప్రాజెక్టుకు వేయాలో చూసే విభాగం, చేతిలోకి వెళ్తాడు. వాళ్ల దగ్గర మనిషి గురించి ఉండేది ఒక వరుస: స్కిల్ ట్యాగ్, అనుభవం, గ్రేడ్, ఊరు. ఆ ట్యాగ్ తప్పయితే వచ్చే ఓపెనింగులూ తప్పవే వస్తాయి. జావా పనికని చేరిన మనిషిని ప్రాజెక్టు అవసరం కోసం మూడేళ్లు ఏదో బ్యాంకు సొంత టూల్ సపోర్టుకు వేస్తారు. రోల్ ఆఫ్ అయ్యాక ట్యాగ్ ఆ టూల్ పేరుతోనే ఉంటుంది. బయట దానికి మార్కెట్ లేదు, లోపల దానికి ఓపెనింగ్ లేదు. గడియారం తిరుగుతుంటుంది కాబట్టి మనిషి దొరికిన ప్రాజెక్టు పట్టుకుంటాడు, నైట్ షిఫ్టయినా వేరే ఊరయినా. అది మళ్లీ ఎందుకూ కొరగాని నైపుణ్యమే ఇస్తుంది. తర్వాతి బెంచ్ ఇంకా పొడుగవుతుంది. ఈ సుడిలో పడినవాళ్లని ‘అప్‌స్కిల్ కాలేదు’ అని నిందించడం అన్యాయం. ఏ పని మీద వేయాలో నిర్ణయించింది వాళ్లు కాదు.

షాడో పద్ధతి ఇంకా దారుణం. ప్రాజెక్టులో మనిషి రోజుకు 9 గంటలు పనిచేస్తాడు, డెలివరీలు అతని చేతి మీదుగానే వెళ్తాయి, కానీ క్లయింట్‌కు పంపే బిల్లులో పేరుండదు. పని చేస్తూనే ఖాళీగా ఉన్నట్టు లెక్క. ఏడాది చివర రేటింగుల్లో బిల్లింగు లేదన్న కారణంతో అతన్నే కిందికి నెడతారు. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లు చేయవలసిన పని ఒకటుంది. షాడోగా వేసిన తేదీ, ఎవరి మెయిల్ మీద వేశారు, ఏ పనులు అప్పగించారు, లోపలి ఓపెనింగులకు ఎప్పుడెప్పుడు దరఖాస్తు చేశారు, ఇవన్నీ తేదీలతో సొంత నోటుబుక్కులో చేత్తో రాసుకోవాలి. కంపెనీ మెయిళ్లను సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేయకూడదు. డేటా పాలసీ ఉల్లంఘన కింద ఆ ఒక్క కారణంతోనే తీసేయగలరు. అప్పుడు అసలు వాదన గాలికి పోతుంది.

మధ్యలో ఎందరు ఉంటే అంత కిందికి

నేరుగా కంపెనీ రోల్స్‌లో ఉన్నవాడికి బెంచ్ అంటూ ఒకటైనా ఉంటుంది. సీటూహెచ్ (ముందు కాంట్రాక్టు, నచ్చితే తర్వాత ఉద్యోగం) మీద, థర్డ్ పార్టీ పేరోల్ మీద వచ్చినవాళ్లకు అదీ లేదు. క్లయింట్ నెలకు రూ.1,50,000 ఇస్తాడనుకుందాం. పెద్ద వెండర్ 25,000 ఉంచుకుంటాడు. అతని కింద సబ్ వెండర్ 20,000 తీసుకుంటాడు. పేరోల్ కంపెనీ ఇంకో 10,000. మిగిలిన రూ.95,000 లోంచే కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ తీసి మిగతాది చేతికిస్తారు. ఈ అంకెలు ఉదాహరణకే గానీ పొరల అమరిక మాత్రం ఇదే. డబ్బు పైనుంచి కిందికి వస్తూ ప్రతి మెట్టు దగ్గరా తరుగుతుంది. నష్టభయం మాత్రం ఏ మెట్టు దగ్గరా ఆగకుండా నేరుగా అడుగుకు చేరుతుంది.

ఆఫర్ లెటర్‌లో రెండు వాక్యాల కోసం వెతకాలి. ఒకటి, ‘క్లయింట్ అసైన్‌మెంట్ ముగిసిన తేదీన ఈ ఉద్యోగం ముగుస్తుంది’ అన్నది. రెండోది, క్లయింట్ షట్‌డౌన్ రోజుల గురించి. డిసెంబరు చివరి వారాల్లో అమెరికా క్లయింట్లు ఫర్లో (జీతం లేని సెలవులు) ప్రకటిస్తే ఆ రోజులకు బిల్లుండదు. వెండర్ ఆ కోతను జీతం లేని సెలవుగా ఇంజనీరుకే రాసేస్తాడు. క్లయింట్ నుంచి డబ్బు 45 రోజులకో 60 రోజులకో వస్తుంది కాబట్టి ‘పైనుంచి రాగానే ఇస్తాం’ అని జీతం ఆపే సబ్ వెండర్లూ ఉంటారు. ఇది చెల్లని మాట. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు పడాలి. క్లయింట్ కట్టాడా లేదా అన్నది యజమాని తలనొప్పి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ఆ బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే పని చేయించుకునే అసలు సంస్థ, మీద పడాలన్నది 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే ఉన్న సూత్రం. కొత్త కోడ్‌లోనూ అది కొనసాగుతోంది.

ఇంతకంటే ముందు తేల్చుకోవలసింది, అసలు ఉద్యోగిగా చేర్చుకున్నారా లేదా అన్నది. మొదటి నెల జీతం పడగానే మూడు చోట్ల చూడాలి. ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో ఏ సంస్థ పేరుతో జమ పడింది? పీఎఫ్ జమ మరుసటి నెల 15 లోపు పడాలి. కనిష్ఠ పద్ధతిలో కట్టినా రూ.15,000 మీద 12 శాతం, అంటే ఉద్యోగి వాటా రూ.1,800 కనిపించాలి. కంపెనీ వాటాలో రూ.1,250 పెన్షన్ ఖాతాకు వెళ్తుంది కాబట్టి ఆ వరుసలో తక్కువ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. రెండోది, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో కనిపించే ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక). జీతంలోంచి టీడీఎస్ కోసినంత మాత్రాన ప్రభుత్వానికి కట్టినట్టు కాదు, అక్కడ కనిపిస్తేనే కట్టినట్టు. మూడోది, ఆ టీడీఎస్ ఏ పేరుతో కోశారన్నది. జీతం కింద కాకుండా వృత్తి ఫీజు కింద 10 శాతం కోస్తుంటే, కాగితం మీద ఆ మనిషి ఉద్యోగి కాడు, సొంత వ్యాపారం చేసుకునే కన్సల్టెంటు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, నోటీసు హక్కూ లేదు. చేతికొచ్చే డబ్బు కాస్త ఎక్కువ కనబడటంతో చాలామంది కుర్రాళ్లు దీన్ని లాభమనుకుంటారు.

సీటీసీ, అంటే ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 6 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 50,000 అనుకుని మారతహళ్లిలోనో బీటీఎంలోనో ఇల్లు చూసుకునేవాళ్లు ఉన్నారు. బేసిక్ సగం అనుకుంటే ఏడాదికి 3 లక్షలు. దాని మీద కంపెనీ పీఎఫ్ వాటా 36,000. గ్రాట్యుటీ 4.81 శాతం చొప్పున 14,430. ఈ శాతం 26 రోజుల నెలలో 15 రోజుల జీతాన్ని 12తో భాగిస్తే వచ్చేది. ఇన్సూరెన్స్ ప్రీమియం 6,000 అనుకుందాం. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ 10 శాతం, 60,000. ఇవన్నీ తీసేస్తే నెలకు రూ.40,297. అందులోంచి ఉద్యోగి పీఎఫ్ 3,000, కర్ణాటక వృత్తి పన్ను 200 పోతే చేతికి రూ.37,097. గ్రాట్యుటీ చేతికి రావాలంటే మామూలు ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి. మూడేళ్లకే మానేసేవాడికి ఆ 14,430 ఏ ఏడాదీ దక్కదు, ప్యాకేజీ పెద్దదిగా చూపించడానికే పనికొస్తుంది. ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి తీసుకున్న) ఉద్యోగులకు మాత్రం కొత్త సామాజిక భద్రత కోడ్ ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ ఇచ్చింది. సీటూహెచ్ వాళ్లు తమ ఆఫర్‌లో ‘ఫిక్స్‌డ్ టర్మ్’ అన్న మాట ఉందో లేదో అడిగి మరీ రాయించుకోవాలి.

చేరడానికి, మానడానికి మధ్య

ఖాళీ కాలం బరువు బాగా తెలిసేది ఉద్యోగం మారేటప్పుడు. ఐటీలో 90 రోజుల నోటీసు మామూలైంది. మరోవైపు రిక్రూటర్లు ‘ఇమీడియట్ జాయినర్’ కావాలంటారు. వాళ్లకూ కారణముంది. కన్సల్టెన్సీకి వచ్చే కమీషన్ ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. మనిషి చేరితేనే ఆ బిల్లు పడుతుంది. చేరిన 90 రోజుల్లోపు మానేస్తే ఇంకొకర్ని ఉచితంగా ఇస్తామన్న గ్యారంటీ కూడా ఒప్పందంలో రాస్తారు, మిక్సీ కొంటే ఇచ్చినట్టు. దీంతో 90 రోజులు ఆగాల్సినవాళ్లకు కాల్స్ రావు. చేతిలో ఆఫర్ లేకుండానే రాజీనామా పెట్టి, నోటీసు నడుస్తుండగా వెతుక్కోవలసి వస్తుంది. దొరక్కపోతే ఆ తర్వాతి నెలలన్నీ సొంత ఖర్చే. బెంగళూరులో ఇంటికి ఒకప్పుడు 10 నెలల అద్దె అడ్వాన్స్ ఆనవాయితీ. ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకు దిగినా, ఉన్న కాస్త పొదుపూ ఇంటి యజమాని దగ్గరే ఇరుక్కుని ఉంటుంది. ఆఫర్ ఇచ్చి చేర్చుకోకుండా వేచి ఉంచడం ఇంకో రకం. 2022లో క్యాంపస్ ఆఫర్లు పొందిన కొందరు ఫ్రెషర్లు రెండేళ్ల దాకా జాయినింగ్ తేదీ కోసం ఎదురుచూశారు. వాళ్ల ఖాళీ నెలలన్నీ అనంతపురంలోనో కడపలోనో ఉన్న తల్లిదండ్రుల ఖాతాలో పడ్డాయి.

బాండ్ల విషయంలో భయమూ ఎక్కువే, నిర్లక్ష్యమూ ఎక్కువే. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ముందు నిలవదు. ఉద్యోగంలో ఉన్నంత కాలానికి సంబంధించిన కనీస సర్వీసు షరతు మాత్రం వేరు. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, నియామకం ఖర్చు పెద్దది, అక్కడి ఆఫీసరు జీతం ముందు ఆ మొత్తం మరీ ఎక్కువ కాదని కోర్టు చూసింది. కాబట్టి రెండు వారాల శిక్షణకు 5 లక్షల బాండ్ అంటే అదే తీర్పు చూపించి బెదిరించడం కుదరదు. సెక్షన్ 74 కింద సహేతుకమైన మొత్తమే రాబట్టుకోగలరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఏ కంపెనీకీ ఇవ్వకూడదు. కోర్టులో గెలవలేని షరతును సర్టిఫికెట్ల బీరువా తాళంతో గెలుస్తారు.

అన్నిటికంటే నష్టం చేసేది మీటింగ్ రూంలో రాయించుకునే రాజీనామా. కంపెనీ తనంతట తాను తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. దానికి నోటీసు కావాలి, సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం కావాలి, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద రీస్కిల్లింగ్ నిధి నుంచి ఇంకో 15 రోజుల వేతనం 45 రోజుల్లో ఖాతాలో పడాలి. రాజీనామా రాస్తే ఇవేవీ వర్తించవు. ‘స్వచ్ఛందంగా రాస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం, లేకపోతే టెర్మినేషన్ అని పడుతుంది’ అన్న బెదిరింపుతో ఒక గంటలో సంతకం తీసుకుంటారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చట్టం దృష్టిలో కార్మికుడా కాదా అన్న వాదన ఉండనే ఉంది. నిర్ణయించేది విజిటింగ్ కార్డు మీది హోదా కాదు, రోజూ చేసే పని. సాంకేతిక పని ఆ నిర్వచనంలో ఉంది. మేనేజరు పనీ, 18,000కు మించిన జీతంతో సూపర్వైజరు పనీ బయట ఉన్నాయి. సంతకం పెట్టకుండా ఉంటే ఈ వాదన చేసే అవకాశమైనా మిగులుతుంది. చేయవలసినదల్లా ‘రాతపూర్వకంగా మెయిల్ పంపండి, చదువుకుని రేపు జవాబిస్తాను’ అనడం. మానేసినా తీసేసినా మిగిలిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలన్నది వేతనాల కోడ్ మాట. ఫుల్ అండ్ ఫైనల్‌కు 45 రోజులు పడుతుందన్న హెచ్‌ఆర్ సమాధానం అలవాటుగా చెప్పేదే.

కర్ణాటకలో ఒక అదనపు చిక్కు. ఐటీ రంగాన్ని స్టాండింగ్ ఆర్డర్ల చట్టం (ఉద్యోగ నిబంధనలను కంపెనీలు రాసిపెట్టి ఆమోదం పొందాలనే చట్టం) నుంచి రాష్ట్ర ప్రభుత్వం మినహాయిస్తూ వచ్చింది. 2024లోనూ షరతులతో ఇంకో ఐదేళ్లు పొడిగించింది. అదే ఏడాది పనివేళలను 14 గంటల దాకా పెంచుకునే ప్రతిపాదన వచ్చినప్పుడు, 2017లో ఏర్పడిన ఐటీ ఉద్యోగుల సంఘం కేఐటీయూ రోడ్డెక్కి అడ్డుకుంది. సంఘమంటే ఫ్యాక్టరీలకే అనుకునే తెలుగు ఇంజనీర్లు ఈ చరిత్ర తెలుసుకోవడం అవసరం.

ఫ్యాక్టరీ ఆడవాళ్లు నేర్పింది

పని లేని కాలానికి డబ్బు ఎక్కడనుంచి రావాలన్న ప్రశ్నను బెంగళూరులో సూటిగా అడిగింది ఐటీ వాళ్లు కాదు, గార్మెంట్ కార్మికులు. 2016 ఫిబ్రవరిలో కేంద్రం పీఎఫ్ నిబంధన మార్చింది. ఉద్యోగం మానేసినా కంపెనీ వాటాను 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదంది. దూరం నుంచి చూసేవాళ్లకు అది మంచి పొదుపు సలహాలా కనిపించింది. కుట్టు లైనుమీద కూర్చునే ఆడమనిషికి పీఎఫ్ అంటే ముసలితనపు పొదుపు కాదు. టార్గెట్లు తట్టుకోలేకో, కాన్పుకో, ఇంట్లో జబ్బుకో మానేసినప్పుడు, మళ్లీ ఇంకో ఫ్యాక్టరీలో చేరేదాకా ఇల్లు నడిపే డబ్బు అదే. ఏప్రిల్ 18, 19 తేదీల్లో బొమ్మనహళ్లి, హొసూరు రోడ్డు, జాలహళ్లి వైపు వేలాది మంది ఆడవాళ్లు ఫ్యాక్టరీలు వదిలి రోడ్ల మీదికి వచ్చారు. రెండో రోజునే కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది.

మేస్త్రీల కింద వచ్చే వలస కూలీల లెక్క ఇంకా పాతది. పాలమూరు లేబర్‌ను దేశమంతా తిప్పిన గుంపు మేస్త్రీ పద్ధతిలో ముందు అడ్వాన్స్ ఇస్తారు, తర్వాత కూలిలో కోసుకుంటారు. వాన పడిన రోజు కూలి లేదు, తిండి ఖర్చు మాత్రం అడ్వాన్స్‌లో కలుస్తుంది. ఖాళీ రోజు ఇక్కడ నేరుగా అప్పుగా మారుతుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణం రోజులను కూడా పనిలో ఉన్నట్టే లెక్కగట్టి కూలి ఇమ్మంది, నెల కూలిలో సగం విస్థాపన భత్యంగా ఇమ్మంది. దాని స్థానంలో వచ్చిన 2020 కోడ్‌లో ప్రయాణ భత్యం మిగిలింది, విస్థాపన భత్యం పోయింది. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో 18 నుంచి 60 ఏళ్ల వాళ్లు, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసినట్టు చూపిస్తే నమోదు కావచ్చు. ఆగిపోయేది ఆ 90 రోజుల ధ్రువపత్రం దగ్గరే. సైటు మారిన ప్రతిసారీ మేస్త్రీ మారుతాడు, సంతకం పెట్టేవాడు దొరకడు. ప్రతి సైటు వదిలేటప్పుడు అక్కడి రోజుల వరకే సంతకం తీసుకుని దాచుకోవడం ఒక్కటే పనికొచ్చే ఉపాయం.

స్క్రీన్ ముందు ఎదురుచూపు

డెలివరీ యాప్‌లు ఖాళీ గంటను పూర్తిగా లెక్కలోంచే తీసేశాయి. 11 గంటలు లాగిన్‌లో ఉండి 20 ఆర్డర్లు చేసిన రోజు తీసుకుందాం. ఆర్డరుకు 35 చొప్పున 700, ఇన్సెంటివ్ 250, మొత్తం 950. ఆర్డర్ మీద ఉన్న సమయం ఏడున్నర గంటలు. దాంతో భాగిస్తే గంటకు 127 వస్తుంది. బండి 110 కిలోమీటర్లు తిరిగితే లీటరుకు 45 చొప్పున పెట్రోలుకే 250 దాకా పోతుంది. టైరు, ఆయిల్, డేటా కలిపి ఇంకో 50. మిగిలిన 650ని 11 గంటలతో భాగిస్తే గంటకు 59. హోటల్ ముందు నిలబడ్డ మూడున్నర గంటలకు ధర సున్నా. ఆ ఎదురుచూపు లేకపోతే యాప్ పనిచేయదు. పది నిమిషాల్లో సరుకులు రావాలంటే పది నిమిషాల దూరంలో పని లేకుండా ఎవరో ఒకరు నిలబడి ఉండాలి. కొనేవాళ్లకు అందే వేగానికి పెట్టుబడి ఆ కుర్రాడి ఖాళీ సమయమే. ఇన్సెంటివ్ 21వ ఆర్డరు దగ్గర పెట్టడం, 20వ ఆర్డరు తర్వాత ఆర్డర్లు మందగించడం జరిగినప్పుడు అతనికి కారణం చెప్పేవాళ్లు ఉండరు.

కర్ణాటక 2025లో తెచ్చిన గిగ్ వర్కర్ల చట్టం ఇక్కడ కొంత సాధించింది. ముందు ఆర్డినెన్స్‌గా, తర్వాత చట్టంగా వచ్చిన దీని కింద, కార్మికుడికి చెల్లించే ప్రతి మొత్తం మీద 1 నుంచి 5 శాతం దాకా సంక్షేమ రుసుము కంపెనీ కట్టాలి. యాప్‌లో కార్మికుడి ఐడీ తీసేయాలంటే కారణం రాసి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పనిని, చెల్లింపును నిర్ణయించే ఆటోమేటిక్ పద్ధతుల గురించి అడిగితే చెప్పాలి. బ్లాక్ అయినవాళ్లు ముందు ఆ స్క్రీన్, చివరి వారం చెల్లింపుల పట్టిక, లాగిన్ గంటలు స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. ఐడీ పోయాక యాప్ తెరుచుకోదు, రుజువులన్నీ లోపలే ఉండిపోతాయి.

కానీ రుసుము లెక్కించేది చెల్లింపు మీద. ఎదురుచూసిన గంటకు చెల్లింపు లేదు కాబట్టి రుసుమూ లేదు. చట్టం ప్రమాదాన్ని, జబ్బును పట్టించుకుంది, ఖాళీ గంట జోలికి పోలేదు. న్యూయార్క్ నగరం ఆ గంటకు కూడా ధర కట్టింది. 2023 చివర అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం డెలివరీ కార్మికులకు అప్పట్లో గంటకు కనీసం 17.96 డాలర్లు, టిప్పులు కాకుండా, ఎదురుచూపు సమయాన్ని కూడా కలిపి లెక్కించి ఇవ్వాల్సి వచ్చింది. దాంతో యాప్‌లు లాగిన్ అయ్యేవాళ్ల సంఖ్యకు పరిమితులు పెట్టాయి. ఖాళీగా నిలబెట్టడానికి ఖర్చవుతుందని తెలియగానే అవసరానికి మించి నిలబెట్టడం మానేశాయన్నమాట. అవకాశం పోయినవాళ్లకు అది నష్టమే, కాదనలేం. అయినా ఎంతమంది కావాలో లెక్కగట్టే పని మొదటిసారి కంపెనీ మీద పడింది. కర్ణాటకలో అంతదూరం వెళ్లేముందు చేయగలిగింది ఒకటుంది. ప్రతి వారం ఇచ్చే చెల్లింపు పట్టికలో ఆర్డర్ సమయంతోపాటు లాగిన్ సమయాన్ని కూడా అచ్చువేయాలని చట్టం కింద నియమాల్లో రాయించడం. లాగిన్ సమయం యాప్ దగ్గర నిమిషాలతో సహా నమోదై ఉంది, కార్మికుడి చేతికిచ్చే కాగితం మీదికి దాన్ని తేవడమే మిగిలింది.